షిఫ్టు బడి పెద్ద బుక్కు

ఇసుకవాగు కాలరీలో పొద్దెంతయిందో తెలుసుకోవడానికి ఎవరూ ఆకాశం వైపు చూడరు. సైరన్ చెబుతుంది. పొద్దున ఏడింటికి, పగలు మూడింటికి, రాత్రి పదకొండింటికి కూస్తుంది. ఆ కూతను బట్టే ఇళ్లలో అన్నం ఉడుకుతుంది, ఆ కూతను బట్టే పెళ్లి ముహూర్తాలు ముందుకో వెనక్కో జరుపుకుంటారు, పాడె లేపడానికి కూడా షిఫ్టు దిగేవాళ్ల కోసం ఆగుతారు. ఇటువంటి ఊళ్లో పదింటికి తెరిచి నాలుగింటికి మూసే బడి ఎవరి కోసమని మొట్టమొదట అడిగినవాడు యేసుదాసు. అడిగి ఊరుకుని ఉంటే ఈ కథ చెప్పే పనే ఉండేది కాదు. ఆయన ఊరుకోలేదు, బడి పెట్టాడు.

యేసుదాసుది సుల్తానాబాద్ పక్కన చిన్న పల్లె. తండ్రి మిషను వాళ్ల దగ్గర ఉపదేశి. ఊరూరా తిరిగి ప్రార్థనలు చేయించేవాడు, బాప్తిస్మాల పుస్తకం రాసేవాడు. బిడ్డ ఎప్పుడు పుట్టిందో తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని గంటసేపు అడిగి, లెక్క తేలాకే కలం ముట్టేవాడు. "మనిషి పోయినంక గీ బుక్కే మాట్లాడుతది కొడుకా. దీంట్ల తప్పు రాయొద్దు" అని చెప్పేవాడు. యేసుదాసు కరీంనగర్ మిషను బోర్డింగులో ఉండి ఉర్దూలో మెట్రిక్ పాసయ్యాడు. నిజాం రాజ్యం పోయిన ఏడు ఆయనకు ఇరవై ఒకటి. నాలుగేళ్లు పల్లెల్లో పిల్లలకు చదువు చెప్పి, యాభై మూడులో ఇసుకవాగుకు వచ్చి లాంపు రూములో గుమాస్తాగా చేరాడు.

బొగ్గు బాయిలోకి, అంటే గనిలోకి, దిగేవాడు ముందు లాంపు రూము కిటికీ దగ్గరికి రావాలి. తన నంబరు బిళ్ల ఇచ్చి దీపం తీసుకోవాలి. షిఫ్టు దిగాక దీపం ఇచ్చి బిళ్ల వెనక్కి తీసుకోవాలి. గోడకు దీపాలు తగిలించే కొక్కేలు, ఒక్కో కొక్కేనికి ఒక్కో నంబరు. షిఫ్టు దిగినా కొక్కెం ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడన్నమాట. ఆ కిటికీ చిన్నది, మొహాలు కనిపించవు, చేతులు మాత్రం కనిపిస్తాయి. కొన్నాళ్లకు యేసుదాసు చేతులు చూసి వయసు చెప్పడం నేర్చాడు. పద్దెనిమిదేళ్లు నిండందే ఎవరినీ బాయిలోకి దింపకూడదని చట్టం. ఆ కిటికీలోంచి దీపం అందుకునే చేతుల్లో పద్నాలుగేళ్లవి ఉన్నాయి, పదిహేనేళ్లవి ఉన్నాయి. కంపెనీ వాళ్ల బీ ఫారం రిజిస్టరులో మాత్రం అందరికీ పద్దెనిమిది నిండే ఉన్నాయి. పనిలో చేరేటప్పుడు తండ్రో మేనమామో పక్కన నిలబడి వయసు పెంచి చెబుతాడు, ముంషీ రాసుకుంటాడు. అది ఊరందరికీ తెలిసిన సంగతే.

నాలుగో అయిదో చదివి బాయిలో పడ్డ ఆ పొల్లగాళ్లు దీపం తీసుకుంటూ "సారూ, గీ నోటీసు ఏమంటుంది" అని అడిగేవాళ్లు. ఒకడు రోజూ పాత పత్రిక ముక్క తెచ్చి చదివించుకునేవాడు. యాభై ఆరులో, రాష్ట్రం పేరు మారిన నెలలోనే, రేషను బియ్యం నిలవ చేసే పాత గోదాము ఖాళీగా పడి ఉంటే అడిగి తీసుకుని యేసుదాసు బడి మొదలుపెట్టాడు. మెట్రిక్కు దాకా చదివించి ప్రైవేటుగా పరీక్షకు కూర్చోబెట్టడం ఆయన ఉద్దేశం.

ఆ బడికి ఒక పద్ధతి ఉండేది, ఎక్కడా లేని పద్ధతి. ప్రతి పాఠం రోజుకు రెండుసార్లు చెప్పాలి. పొద్దున ఎనిమిదింటికి ఒకసారి, సాయంత్రం నాలుగున్నరకు ఒకసారి. పగటి షిఫ్టుకు పోయేవాడు సాయంత్రం వస్తాడు, మధ్యాహ్నం షిఫ్టువాడు పొద్దున వస్తాడు, రాత్రి షిఫ్టువాడు ఎప్పుడు కళ్లు తెరవగలిగితే అప్పుడు వస్తాడు. వారం మారి షిఫ్టు మారినా పాఠం తెగదు. హాజరు పట్టీలో వచ్చాడు, రాలేదు అని రాయరు, ఎవడు ఏ షిఫ్టులో ఉన్నాడో రాస్తారు. స్నానం చేయలేదని సిగ్గుపడి బడి మానకూడదు, బొగ్గు మొహంతోనే రావొచ్చు. పుస్తకాల అంచులన్నీ నల్లటి వేలిముద్రలే. చూసేవాళ్లకు నవ్వులాటగా ఉండేది. దానికి జనం పెట్టిన పేరు షిఫ్టు బడి. యేసుదాసు పెద్దసారయ్యాడు.

లెక్కలు చెప్పడానికి మొగిలి ఉండేవాడు. బాయి మీద హాలరు నడిపే మనిషి, బొగ్గు టబ్బులను తాడుతో పైకి లాగేవాడు. చదివింది ఏడే అయినా లెక్కల్లో దిట్ట, నోరు మాత్రం కటువు. యూనియనులో తిరిగేవాడు. యేసుదాసు ఎంత మెత్తనో మొగిలి అంత ముక్కుసూటి. ఇద్దరికీ రోజూ కీచులాటే, అయినా ఒకరు లేకుండా ఒకరికి పొద్దుపోయేది కాదు.

బడిలో అందరికన్నా చురుకైనవాడు హనుమంతు. తండ్రి లేడు. తల్లి సత్తవ్వ మెట్‌పల్లి దిక్కు నుంచి బతుకుదెరువుకు వచ్చి, పైకి వచ్చిన బొగ్గులో రాళ్లు ఏరే పనిలో ఉండేది. బాయిలో బొగ్గు నింపేవాళ్లు తమ టబ్బు గుర్తుపట్టడానికి దాని మీద సుద్దతో నంబరు వేస్తారు. హనుమంతు నంబరు వేసి ఊరుకోడు. దాని కింద పొద్దున చెప్పిన బీజగణితం లెక్క వేసేవాడు. టబ్బు పైకి వచ్చేసరికి హాలరు దగ్గర మొగిలి చూసేవాడు. తప్పుంటే కొట్టేసి, సరైనది రాసి, ఖాళీ టబ్బును కిందికి వదిలేవాడు. అలా భూమికి పైనా కిందా నడిచేది వాళ్ల పాఠం. "నీ శిష్యుడు ఇయ్యాల రెండు టబ్బులు ఖరాబు చేసిండు సారు" అని సాయంత్రం యేసుదాసుతో చెప్పి మొగిలి మురిసిపోయేవాడు.

మొదటి జట్టులో ఏడుగురు పరీక్షకు కూర్చున్నారు, నలుగురు పాసయ్యారు. ఒకడికి రైల్వేలో కొలువు వచ్చింది. ఆ దెబ్బతో ఊరంతా షిఫ్టు బడి వైపు తిరిగింది. అరవై వచ్చేసరికి బడిలో అరవై మందికి పైగా ఉన్నారు. అప్పుడే యేసుదాసుకు సర్కారు గుర్తింపు మీద మనసు పడింది. గుర్తింపు ఉంటే మన పిల్లలు మన బడి పేరు మీద పరీక్ష రాస్తారు, మాస్టర్లను సర్కారే ఇస్తుంది, తను పోయినా బడి నిలుస్తుంది. ఆదిలాబాద్ నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు బడిని చూసి తల పంకించి, రెండే అడిగాడు. ఒకటి, బడికి సొంత జాగా. రెండు, పుట్టిన తేదీలతో సహా అడ్మిషన్ రిజిస్టరు. ఆ తేదీల్లో ఒక్కటి అబద్ధమని తేలినా గుర్తింపు రాదని చెప్పి వెళ్లాడు.

పుట్టిన తేదీలు అనగానే మొగిలి నెత్తి గోక్కున్నాడు.

"బీ ఫారంల ఎట్లున్నదో గట్లనే రాద్దాం సారు. ఎవ్వలకు లొల్లి ఉండది."

"గది అబద్ధం గదా మొగిలి. మన హనుమంతుకు కంపెనీ బుక్కుల ఇరవై ఒకటి. అసలుకు పదిహేడు. ఇరవై అయిదు దాటితే సర్కారు కొలువు రాదు. నాలుగేండ్లు ఉత్తగనే పోతయి వానికి. మనం సక్కగ రాస్తే గా నాలుగేండ్లు మిగులుతయి."

ఈ మాటలో తప్పేం లేదు. మొగిలికి కూడా అప్పటికి అది సబబుగానే తోచింది.

ఆ చలికాలం నెలన్నర పాటు ప్రతి ఆదివారం గోదాము వసారాలో తల్లులు కూర్చున్నారు. యేసుదాసు మెట్‌పల్లిలో ఒక పంతులు దగ్గర ముప్పై ఏళ్ల పాత పంచాంగాలు ఎరువు తెచ్చుకున్నాడు. తల్లులకు తేదీలు తెలియవు, కానీ ఏ బిడ్డ ఎప్పుడు పుట్టాడో మరిచిన తల్లి ఒక్కతీ లేదు. గోదారి పెద్దగా వచ్చిన ఏడని ఒకామె, రజాకార్లు ఊరి మీద పడ్డప్పుడు వీడు నా సంకలో ఉన్నాడని ఒకామె. యేసుదాసు తండ్రి లాగే గంటసేపు అడిగి, పంచాంగం తిప్పి, ఇంగ్లిషు తేదీ తీసి, పెద్ద బుక్కులో ఎర్రగీతల మధ్య రాశాడు. పక్కన ఖాళీ గడిలో తల్లి చెప్పిన మాటను చెప్పినట్టే రాశాడు. అలా రాయమని ఎవరూ చెప్పలేదు. ఆయనకు అలా రాస్తేనే తృప్తి.

సత్తవ్వ వచ్చిన రోజు ఆమెకు తోడు నలుగురు ఆడవాళ్లు నవ్వుతూ వచ్చారు.

"సర్కారోళ్లు లెవీ గింజలు గుంజుకపోయిన ఏడు సారు. పొలాల అమాస తెల్లారి. ఎడ్ల కొమ్ములకు పూసిన రంగు ఇంక ఆరలే. నేను గడ్డికి పోయిన, గట్టు మీదనే నొప్పులు లేసినయి."

"పొద్దెంతయింది అప్పుడు?"

"ఎడ్లు మేతకు పోయే యాళ్ల. పక్కపొలం సమ్మక్క పెద్దవ్వ ఉరికొచ్చి కొడవలితోనే బొడ్డు కోసింది. నవ్వకుండ్రే, నిజం చెప్తున్న."

యేసుదాసు పంచాంగం తిప్పాడు. పంతొమ్మిది వందల నలభై మూడు, ఆగస్టు ముప్పై ఒకటి. ఆ తేదీ చదివి వినిపిస్తే సత్తవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తన కొడుకు పుట్టిన రోజుకు ఒక పేరుందని ఆమెకు అప్పుడే తెలిసింది. రాసింది చూపించమని అడిగి, వేలు పెట్టి తడిమి చూసింది.

ఇక జాగా. కంపెనీ జాగా తప్ప ఇసుకవాగులో వేరే జాగా ఎక్కడుంది? యేసుదాసు కాళ్లరిగేలా వెల్ఫేర్ ఆఫీసు చుట్టూ తిరిగాడు. ఆ ఆఫీసరు కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాడు, చాలా మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు.

"మీరు చేస్తున్నది దేవుడి పని మాస్టారూ. స్థలం ఫైలు సిద్ధంగా ఉంది. మేనేజరు గారు ఒక్కసారి బడి రిజిస్టరు చూస్తామన్నారు. ఎంతమంది కార్మికులు చదువుతున్నారో తెలియాలి కదా. రెండు రోజులు ఉంచుకుని పంపిస్తాం."

సాయంత్రం పాఠం అయ్యాక యేసుదాసు ఈ సంగతి చెబితే మొగిలి ఒంటికాలి మీద లేచాడు.

"ఇయ్యకు సారు. గా బుక్కు బడి దాటొద్దు."

"ఎందుకు దాటొద్దు? మనమేమన్న దొంగతనం చేసినమా?"

"నీకు తెల్వదా ఏంది? పోయిన ఎండకాలం సమ్మెల ముందట నిలవడ్డది మన బడి పొల్లగాండ్లే. కంపెనీ వాళ్లకు కండ్ల మంట. గా బుక్కుల తేదీలు, బీ ఫారం తేదీలు ఒక్క బల్ల మీద పెట్టి సూత్తే ఏమైతదో లాంపు రూముల కూసున్న నీకు నేను చెప్పాల్నా?"

"సదువుకు జాగా ఇస్తనన్నోళ్లు గంత పని చేస్తరా?"

"పేర్లు నకలు రాసిద్దాం. తేదీలు లేకుండ రాసిద్దాం. ఒక్కరోజు ఆగు, నలుగురిని అడుగుదాం."

యేసుదాసు ఆగలేదు. గుర్తింపు దరఖాస్తుకు శనివారం ఆఖరు, అది బుధవారం. బడి పెట్టినప్పుడు ఎవరినీ అడగలేదు, గోదాము తెచ్చినప్పుడూ అడగలేదు, అన్నీ మంచికే అయ్యాయి. ముందు నడిచేవాడికి ఇదొక జబ్బు. వెనక వచ్చేవాళ్ల కాళ్లు కూడా తన కాళ్లే అనుకుంటాడు. గురువారం పొద్దున బుక్కును ఉతికిన తువ్వాలలో చుట్టి, సైకిలు వెనక కట్టుకుని తనే తీసుకుపోయి ఇచ్చి వచ్చాడు.

మాట ప్రకారం బుక్కు శనివారం తిరిగి వచ్చింది, అదే తువ్వాలలో. దానితో పాటే జాగా ఇచ్చినట్టు సంతకమైన కాగితమూ వచ్చింది. ఇన్‌స్పెక్టరుకు మనిషి చేత చెప్పి పంపితే, దరఖాస్తుకు ఒక వారం గడువు ఇచ్చాడు. యేసుదాసు ఆ కాగితం మొగిలికి చూపించి, చూశావా అన్నట్టు నవ్వాడు. మొగిలి కూడా తను అనవసరంగా అనుమానపడ్డానేమో అనుకున్నాడు.

తొమ్మిదో రోజు పొద్దున ఆరున్నరకు లాంపు రూముకు ఆఫీసు నుంచి చీటీ వచ్చింది. కింద రాసిన నంబర్ల వాళ్లకు నేటి నుంచి దీపాలు ఇవ్వరాదు. తప్పుడు వయసు చెప్పి పనిలో చేరినందున వాళ్లను తొలగించడమైనది. పందొమ్మిది నంబర్లు. యేసుదాసు ఒక్కో నంబరూ చదివాడు. నంబరు చూస్తే మొహం గుర్తొచ్చే మనిషి ఆయన. పందొమ్మిది మందీ షిఫ్టు బడివాళ్లే.

అప్పటికే కిటికీ దగ్గర వరస కట్టారు. ఆ వారం హనుమంతుది పగటి షిఫ్టు. చెయ్యి లోపలికి వచ్చింది, బిళ్ల బల్ల మీద పెట్టింది. యేసుదాసు దీపం ఇవ్వలేదు.

"దీపమియ్యి సారు. సైరన్ కూతేస్తది."

ఆయన చీటీని కిటికీలోంచి బయటకు జరిపాడు. ఆయనే నేర్పిన చదువు, హనుమంతు అక్షరం తప్పకుండా చదువుకున్నాడు. కాసేపు ఆ చెయ్యి అట్లాగే కిటికీ చెక్క మీద ఉండిపోయింది.

"ఇంకో ఆర్నెల్లయితే పద్దెనిమిది నిండుతుండె గద సారు" అన్నాడు, అంతే. బిళ్ల అక్కడే వదిలి వరసలోంచి పక్కకు జరిగాడు. వెనక ఉన్నవాడి చెయ్యి లోపలికి వచ్చింది. యేసుదాసు ఆ పొద్దు తక్కిన వాళ్లందరికీ దీపాలు ఇచ్చాడు. ఎట్లా ఇచ్చాడో ఆయనకే తెలియదు.

మధ్యాహ్నం వెల్ఫేర్ ఆఫీసుకు పోయి, ఎప్పుడూ గట్టిగా మాట్లాడనివాడు, బల్ల మీద చెయ్యి వేసి అడిగాడు. ఆఫీసరు కోప్పడలేదు, టీ కూడా తెప్పించాడు.

"చట్టం మాస్టారూ, నేనేం చేయను? ఒక దారి ఉంది. మీ రిజిస్టరులో తేదీలు తప్పు, సరిగా విచారించకుండా రాశాను అని ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టండి. మేనేజరు గారితో నేను మాట్లాడతాను. అయితే ఆ కాగితం ఇన్‌స్పెక్టరుకు కూడా పోతుంది. అది మీరు ఆలోచించుకోండి."

ఆ సాయంత్రం గోదాములో పాఠం లేదు. సత్తవ్వ వచ్చింది. బొగ్గు దుమ్ము కడుక్కోకుండానే వచ్చింది. ఆమెకు సంగతంతా మొగిలి చెప్పాడు.

"ఒక్క ముక్క రాసియ్యి సారు. నాకు యాదికి లేదని రాయి. ముసల్ది తప్పు చెప్పిందని రాయి. పాపం నా మీద ఏసుకుంట. నువ్వు సంతకం పెడితే సాలు."

యేసుదాసుకు తండ్రి మాట గుర్తొచ్చింది. సరిగా విచారించకుండా రాశాను అని తన చేత్తో ఎట్లా రాస్తాడు? నెలన్నర ఆదివారాలు ఏమైపోవాలి? ఇంకొకటి కూడా ఉంది, దాన్ని దాచిపెట్టి ఆయన్ను పుణ్యాత్ముణ్ణి చేయడం నా వల్ల కాదు. ఆ కాగితం రాస్తే గుర్తింపు పోతుంది. అయిదేళ్ల కష్టం పోతుంది. ముందు ముందు చదవబోయే వందల మంది పిల్లల పేరు చెప్పుకుని ఆయన తనకు తాను సర్ది చెప్పుకున్నాడు. పందొమ్మిది మంది ఎదురుగా ఉన్నారు, ఆ వందల మంది ఇంకా పుట్టనే లేదు.

"చూద్దాం సత్తవ్వా. యూనియనోళ్లు మాట్లాడుతమన్నరు. జర ఓపిక పట్టు" అన్నాడు.

ఆమె లేచి వెళ్లిపోయింది. మొగిలి గూట్లో పెట్టిన తన సుద్దముక్కలు తీసి జేబులో వేసుకుని బయటికి నడిచాడు. మళ్లీ ఆ బడి గడప తొక్కలేదు. రోడ్డు మీద ఎదురైతే పలకరించేవాడు, వాన గురించో ఎండ గురించో రెండు మాటలు మాట్లాడి పోయేవాడు. తిట్టి ఉంటే నయంగా ఉండేదని యేసుదాసు భార్యతో అన్నాడట.

యూనియను వల్ల ఏమీ కాలేదు. పందొమ్మిది మందిలో కొందరు ఊళ్లకు పోయారు, కొందరు కాంట్రాక్టరు దగ్గర రాళ్లు కొట్టారు. హనుమంతు రాష్ట్రం సరిహద్దు దాటి చాందా దిక్కు పోయాడు. అక్కడ చిన్న చిన్న బాయిల్లో ఎవరినీ పెద్దగా అడగరని విన్నాడు. మెట్రిక్ పరీక్షకు అప్పటికి నెల రోజులు లేదు. పుస్తకాలు తల్లి దగ్గర పెట్టి పోయాడు. హాలరు దగ్గర మొగిలి లాగే టబ్బుల మీద ఇప్పుడు నంబర్లు మాత్రమే ఉండేవి.

జూన్‌లో గుర్తింపు వచ్చింది. కంపెనీ ఇచ్చిన జాగాలో నాలుగు గదులు లేచాయి. గుర్తింపు పొందిన పాఠశాల పదింటి నుంచి నాలుగింటి దాకా నడవాలని గుర్తింపు ఉత్తర్వులోనే రాసి ఉంది. యేసుదాసు ఆదిలాబాద్ పోయి బతిమాలాడు. రెండు పూటలా పాఠం చెప్పే పద్ధతి రూల్సులో లేదన్నారు. బాయి పనివాళ్లు ఒక్కొక్కరే మానేశారు. వాళ్ల బెంచీల్లో గుమాస్తాల పిల్లలు, బాయిలో పని చేయించే ఓవర్‌మన్ల పిల్లలు తెల్లచొక్కాలతో వచ్చి కూర్చున్నారు. యేసుదాసు లాంపు రూము వదిలి హెడ్మాస్టరయ్యాడు. జనం ఆయన్ను పెద్దసారు అనడం మానలేదు కానీ, అడ్మిషన్ల రోజున పుట్టిన తేదీ అడిగితే తల్లులు ఆయన మొహం చూసేవాళ్లు కాదు. "నువ్వే ఏదో ఒకటి రాసుకో సారు. మాకేం యాదికుంటది" అనేవాళ్లు. పక్క గడి ఎప్పుడూ ఖాళీగానే ఉండేది.

అరవై అయిదు వానాకాలంలో చాందా నుంచి అంబదాస్ అనే మనిషి వచ్చాడు, హనుమంతుతో ఒకే గుడిసెలో ఉన్నవాడు. కప్పు కూలి హనుమంతు మీద పడిందని సత్తవ్వతో చెప్పాడు. కాల్చేశారని, వానలో శవాన్ని ఉంచలేకపోయారని మరాఠీ కలిపి చెప్పి ఏడ్చాడు. సత్తవ్వ మొగిలిని తోడు తీసుకుని చాందా పోయింది. ఆ బాయి ఆఫీసులో పుస్తకం తిప్పి చూసి, హనుమంతు అనే మనిషి మా దగ్గర ఎన్నడూ పనిచేయలేదన్నారు. చచ్చినవాడి పేరు రాయమల్లు. వయసు ఇరవై ఏడు. తండ్రి పేరు వేరు, ఊరు పేరు వేరు. అక్కడ కూడా ఎవరైనా పుస్తకాలు కలిపి చూస్తారేమోనని హనుమంతు అన్నీ మార్చి చెప్పాడు. సత్తవ్వ తన కొడుకే అంటే, రాయమల్లుకు తల్లి లేదని రాసి ఉందన్నారు.

తిరిగి వచ్చిన నాలుగో రోజు, మధ్యాహ్నం బడి నడుస్తుండగా, సత్తవ్వ హెడ్మాస్టరు గదిలోకి వచ్చింది. యేసుదాసు లేచి నిలబడ్డాడు. తిట్టడానికే వచ్చింది అనుకున్నాడు. ఆయనకు అదే కావాలి కూడా. నాలుగేళ్లుగా ఎవరైనా వచ్చి తిడతారని ఎదురుచూస్తున్నాడు.

ఆమె కింద కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"గా పెద్ద బుక్కు ఉన్నదా సారు?"

"ఉన్నది."

"ఈ బాయోళ్లు ఒక తీరు రాసుకున్నరు. చాందోళ్లు ఒక తీరు రాసుకున్నరు. నీ బుక్కుల నేను చెప్పినట్టే ఉన్నదా?"

"నువ్వు చెప్పినట్టే ఉన్నది సత్తవ్వా."

"జర సదువు."

యేసుదాసు బీరువా తెరిచి బుక్కు తీశాడు. ఆమె ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు. హనుమంతు, తల్లి సత్తవ్వ, పుట్టిన తేదీ పంతొమ్మిది వందల నలభై మూడు ఆగస్టు ముప్పై ఒకటి అని చదివాడు. పక్క గడిలోది కూడా చదివాడు. లెవీ గింజల ఏడు. పొలాల అమాస తెల్లారి. ఎడ్ల కొమ్ముల రంగు ఆరలేదు. గట్టు మీద. ఎడ్లు మేతకు పోయే వేళ. కొడవలితో బొడ్డు కోసింది సమ్మక్క పెద్దవ్వ. అక్కడికి వచ్చేసరికి ఆయనకు ఏడుపు ఆగలేదు. సత్తవ్వ ఏడవలేదు. చాందాలో ఏడ్చి వచ్చింది.

"యాడున్నది పేరు? వేలు పెట్టియ్యి."

ఆయన ఆమె వేలు పట్టుకుని ఆ పేరు మీద పెట్టాడు. బొగ్గు రాళ్లు ఏరి ఏరి ఆ వేలికి గోరు లేదు. ఆమె చాలాసేపు తీయలేదు. పక్క గదిలో పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు.

లేచి గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగింది.

"ఇగ గిది ఎవ్వలకు ఇయ్యకు సారు" అంది.

యేసుదాసు ఇంకో మూడేళ్లు ఆ బడిలో ఉన్నాడు. అరవై ఏడులో జిల్లా ఆఫీసు నుంచి కాగితం వచ్చింది, పాత షిఫ్టు బడి అడ్మిషన్ రిజిస్టరును తనిఖీకి పంపమని. ఆయన ఆ కాగితం వెనకే జవాబు రాశాడు. సదరు రిజిస్టరు గోదాములో ఉన్నప్పుడే చెదలు తిని పాడైపోయినది, నేను స్వయంగా విచారించి నిర్ధారించుకున్నాను. కింద సంతకం పెట్టి, తేదీ వేసి, ముద్ర కొట్టాడు. బుక్కు అప్పుడు వెనక బీరువాలోనే ఉంది, తువ్వాలలో చుట్టి. పుట్టి బుద్ధెరిగాక యేసుదాసు రాసి సంతకం పెట్టిన అబద్ధం అదొక్కటే. అరవై ఒకటిలో, సత్తవ్వ అడిగిన సాయంత్రం రాయవలసింది అది.